మడత కింది పేరు

కార్డుల అక్కయ్యను పోయినవారం పేర్ల కార్యాలయం మూడో అంతస్తులో, ఒక కాలు పొట్టిదైన చెక్కబెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాం. పక్కన కుట్టుపని చేసే అమ్మాయి ఉంది. ఆనకట్ట తెగి ఆ రోజుకు పంతొమ్మిది రోజులు. వరదల్లో, యుద్ధాల్లో విడిపోయినవాళ్ళను నలభై ఏళ్ళుగా కలుపుతూ వస్తున్న సంస్థను జనం ‘ఆచూకీ’ అంటారు. అందులో తప్పిపోయినవాళ్ళ కార్డులు రాసే గదికి పెద్ద దిక్కు మన అక్కయ్య. అదే పేరుతో ఇంటర్నెట్‌లో ఎవరో దొంగ సైటు తెరిచారనీ, తల్లి కోసమో తమ్ముడి కోసమో వెతుకుతున్నవాళ్ళు దాన్ని అసలు సంస్థ అనుకొని ఫొటోలు, చిరునామాలు, గుర్తింపు కార్డులు అందులో పోస్తున్నారనీ రెండు రోజుల కిందటే బయటపడింది. ఆ వివరాలతో దొంగలేం చేస్తున్నారో ఇంకా తెలియదు. ఏం చేయడం లేదో మాత్రం తెలుసు: వెతకడం లేదు.

కుట్టుపని అమ్మాయి తన తల్లి వివరాలను నాలుగో రోజున ఆ సైటులోనే నింపింది. తల్లికి అరవై ఎనిమిదేళ్ళు, చెవులు వినపడవు. సైటు క్షణాల్లో జవాబిచ్చింది. మీ విన్నపం అందింది, దయచేసి శిబిరాలకు వెళ్ళి రద్దీ పెంచకండి, మేమే కబురు చేస్తాం అంది. ఆ మర్యాదను నమ్మి ఆమె ఎనిమిది రోజులు ఫోను ముందు కూర్చుంది. ఆ రోజుల్లో ఆమె తల్లి నాలుగు వీధుల అవతల, బడిలో, రెండు బల్లలు జతచేసి పరిచిన దుప్పటి మీద ఉంది. ఓపిక చచ్చి పన్నెండో రోజున వెళ్ళి చూస్తే బల్లలు ఖాళీ. శిబిరం రిజిస్టరులో ‘పంపడమైనది’ అని ఒక్క మాట. ఎవరితో, ఎక్కడికి అన్న గడులు నింపే తీరిక ఎవరికీ లేకపోయింది. శుక్రవారం సాయంత్రానికి శిబిరాలన్నీ మూసి, అడిగేవాళ్ళు లేని మనుషులను తలా ఒక దిక్కుకు పంపేస్తారు. దొంగ సైటులో పడిపోయిన ప్రతి విన్నపమూ ఇక్కడ ‘అడిగేవాళ్ళు లేరు’ అన్న కార్డుగా మారుతుంది. ఆ రోజు బుధవారం.

రెండు గంటలకు లోపలికి పిలిచారు.

పర్యవేక్షకుడు యాభై దాటినవాడు. బల్ల అంచుకూ కాగితం అంచుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా భరించలేని మనిషి. మాట్లాడుతున్నంతసేపూ ఏదో ఒక ఫైలును వేలితో సర్దుతూనే ఉన్నాడు. గోడకు కార్యాలయపు సేవానియమావళి వేలాడుతోంది. దాని అద్దం మీద పైకప్పులోంచి కారిన నీటి మరక. ఇద్దరికీ కుర్చీలు చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. అక్కయ్య నీళ్ళు ముట్టుకోలేదు. ఫిర్యాదు మెయిలు పంపి ముప్పై ఆరు గంటలైందనీ, ‘మీ సందేశం మాకు విలువైనది’ అన్న యంత్రపు జవాబు తప్ప ఇంకేమీ రాలేదనీ, ఆ యంత్రాన్ని చూద్దామనే స్వయంగా వచ్చాననీ చెప్పింది.

ఆయన నొచ్చుకోలేదు. నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు వివరించాడు. ఇంటర్నెట్‌లో పేర్లు ఎవరు ముందు అడిగితే వారివి. అయితే ఆపదలో ఆదుకునే సంస్థల పేర్లను అడ్డంపెట్టుకొని మోసాలు జరుగుతాయి గనుక, వాటికొక రక్షిత జాబితా ఉంది. అందులో ఉన్న పేరును మరొకరు నమోదు చేసుకోబోతే యంత్రమే తిప్పికొడుతుంది. ఆ జాబితా కోసం పెద్దలు తొమ్మిదేళ్ళు సమావేశాలు జరిపారు. అక్కయ్య సంస్థ పేరు కూడా అందులో భద్రంగా ఉంది. కావాలంటే చూడమని తెర ఇటు తిప్పాడు.

ఉంది. ‘విపత్తులయందును సంఘర్షణలయందును విడివడిన కుటుంబముల అన్వేషణ మరియు పునస్సంగమ సేవాసంస్థ.’ అక్షరం పొల్లుపోలేదు.

“సార్,” అంది అక్కయ్య, “మీ ఇంట్లో ఎవరైనా తప్పిపోతే మీరు ఇదంతా టైపు చేస్తారా?”

ఆయన ఒక క్షణం ఆలోచించాడు. “చేయను మేడమ్.”

“మరెవరు చేస్తారు?”

“ఎవరూ చేయరనుకుంటాను.”

“అంటే ఎవడూ నడవని దారికి కంచె వేసి, దొంగ వచ్చే దారిన ముగ్గు వేసి పెట్టారు.”

నియమం రాసింది తాను కాదన్నాడు. కాదని ఆమెకూ తెలుసు. ప్రపంచంలో ఏ నియమాన్నీ దాని బల్ల వెనక కూర్చున్నవాడు రాసి ఉండడు. ఆయన వాదనలో పస లేకపోలేదు. ఆచూకీ అన్నది నిఘంటువులో ఉన్న మాట. కుక్కలను వెతికిపెట్టేవాళ్ళు ఆ మాట వాడుకుంటున్నారు, పాత మిత్రులను కలిపేవాళ్ళు వాడుకుంటున్నారు, ఒక పత్రిక శీర్షికగా పెట్టుకుంది. మంచిపని చేస్తున్నారు కదా అని అందరి మాటను ఒకరికి రాసిచ్చేస్తే, రేపు ‘దయ’ నాదంటూ ఒకరు, ‘సాయం’ నాదంటూ ఇంకొకరు వస్తారు. ఇది మూర్ఖపు వాదన కాదు. అక్కయ్యకు ఒళ్ళు మండింది అందుకే. మూర్ఖుణ్ణయితే నాలుగు కేకలేసి చల్లబడవచ్చు. సగం సరైనవాడి ఎదుట కోపం కడుపులోనే కాగుతుంది.

కుట్టుపని అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. చేతిసంచిలోంచి తల్లి ఫొటో తీసి, బల్ల మీద, ఆయన ఫైలు పక్కన పెట్టింది. ఆయన వేలు అలవాటు కొద్దీ ఆ ఫొటోను కూడా అంచుకు సరిచేయబోయి, మధ్యలో ఆగి, వెనక్కి వచ్చింది.

బహుశా ఆ తొట్రుపాటులోనే, చెప్పవలసిన అవసరం లేని సంగతి చెప్పాడు.

“నిజానికి ఆచూకీ అన్న చిన్న పేరుకూ రక్షణ ఉండేది మేడమ్. ఆరేళ్ళ కిందట మీ సంస్థ ప్రత్యేకంగా అడిగితే అనుబంధ జాబితాలో చేర్చాం. మొన్నమొన్నటిదాకా ఉంది.”

“ఎప్పటిదాకా?”

“వరద రెండో రోజుదాకా.”

“ఎవరు తీసేశారు?”

ఆయన ఆమె ముఖంలోకి కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. “మీరే.”

అక్కయ్య కోపంలో వయసు ఇరవై ఏళ్ళు తగ్గిన మనిషిలా లేచి నిలబడింది. నలభై ఏళ్ళ పేరును, అదీ ఊరు మునిగిన రోజున, సంస్థే ఊడబెరికి వీధిలో పారేసిందని చెబుతున్నారా అని అడిగింది. ఆ అబద్ధానికి కాగితం ఉంటే తెచ్చి చూపించమంది. కాగితం లేకపోతే ఈ గది గుమ్మంలోనే కూర్చుంటాననీ, తాను కూర్చుంటే ఎంతసేపు కూర్చోగలదో ఇదివరకు తమ గుమ్మంలో ఆమెను చూసిన ఆనకట్ట శాఖవాళ్ళను అడిగి తెలుసుకోమనీ చెప్పింది.

కాగితం ఉంది. రక్షిత పేరును వేరొకరికి ఇవ్వాలంటే ఆ పేరుగల సంస్థ లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. దానికి ఒక పేజీ ఫారం. ఆయన బీరువా తెరిచి, తాడు విప్పి, ఆ ఫారాన్ని ఫొటోకు తగలకుండా జాగ్రత్తగా బల్ల మీద పరిచాడు. ‘ఆచూకీ అను పేరును దరఖాస్తుదారు వాడుకొనుటకు మా సంస్థకు అభ్యంతరము లేదు.’ అడుగున సంస్థ గుండ్రటి ముద్ర. ముద్రలో అంకె నాలుగు. ముద్ర పక్కన సంతకం.

నాలుగో నంబరు ముద్ర అక్కయ్యది. సంతకమూ అక్కయ్యదే. ఎవడో కాపీ కొట్టినది కాదు. చివరి అక్షరం తోక కిందికి జారి ముద్రను ముట్టుకునే ఆ తొందర తన చేతిదని ఆమెకు తెలుసు. కాగితానికి పైనుంచి ముప్పాతిక భాగం దగ్గర అడ్డంగా ఒక మడత గీత.

ఆ గీతను చూశాక ఆమె కూర్చుంది.

ఆ మడత సంగతి పాఠకులకు చెప్పాలి. ఆచూకీలో ప్రతి మనిషి వివరం బయటికి ఇవ్వడానికీ, ప్రతి మనిషిని ఎవరికైనా అప్పగించడానికీ ఒక అనుమతి కాగితం ఉంటుంది. దాని మీద సంతకం పెట్టే అధికారి అందులోని పేరు చూడకూడదు. ముప్పై ఏళ్ళ కిందట, సరిహద్దు గొడవల్లో, ఒక అధికారి దాక్కున్నవాళ్ళ పేర్లు చూసి శత్రువులకు చేరవేశాడు, పదకొండుమంది పోయారు. అప్పటినుంచి కాగితాన్ని మడిచి, సంతకం గీతా ముద్ర గడీ మాత్రమే కనిపించేటట్టు ముందు పెడతారు. లోపలి వివరం సరిచూడడానికి వేరే ఇద్దరు గుమాస్తాలు. వాళ్ళు మడత వీపు మీద పొడి సంతకాలు చేస్తే, అవి చూసి అధికారి సంతకం పెడతారు. మంచి ఏర్పాటే. కాని వరద మొదటి రెండు రోజుల్లో కాగితాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. గుమాస్తాలు ఒక్కో కాగితం మీద కాక, కట్టకొక పొడి సంతకం పెట్టడం మొదలుపెట్టారు. అక్కయ్య చూసింది, ఊరుకుంది. ఆ తరువాత అదే వాడుకైంది. ఎవరి చెయ్యో ఆ కట్టలో ఈ కాగితాన్ని, మడిచి మరీ, దూర్చింది. మనుషుల పేర్లు కాపాడే మడత చాటున సంస్థ పేరే గడప దాటింది. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ కంచె కళ్ళు మూసుకొని మరీ మేసింది. పేరు తొంగిచూడబోయిన కొత్త గుమాస్తాలను ఈ అక్కయ్యే ఎన్నోసార్లు చెడామడా తిట్టింది.

“అక్కా,” అంది కుట్టుపని అమ్మాయి. “ఆ సంతకం మీదేనా?”

“నాదే.”

“చూసే పెట్టారా?”

“లేదు. చూడకూడదని మా నియమం.” మడత ఎందుకో, ఎలాగో నాలుగు ముక్కల్లో చెప్పింది. చెబుతున్నకొద్దీ తన మాటలు ఇందాక పర్యవేక్షకుడు చెప్పిన మాటల్లాగే వినిపించాయి.

అమ్మాయి అంతా విన్నది. ఆమె గొంతు పెరగలేదు. సూదికి దారం ఎక్కించేటప్పటిలా కళ్ళు మాత్రం చిన్నవయ్యాయి.

“మా అమ్మ పేరు చూడకూడదన్నారు, బాగుంది. మీ పేరు కూడా చూసుకోకూడదా అక్కా? నేను జాకెట్టు కుడితే లోపల కుట్టు ఎలా ఉందో తిరగేసి చూస్తాను. పైకి కనపడదు, అయినా చూస్తాను. అది ఒక గుడ్డ ముక్క. మీ చేతుల్లో ఉన్నది మనుషులు. రెండు రోజులనుంచి ఆ దొంగవెధవలను తిడుతూ మీ వెంట తిరుగుతున్నాను. వాళ్ళకు తలుపు తీసింది మీరని చెప్పనేలేదే.”

“నాకూ ఇప్పుడే తెలిసింది.”

“అదే నేనూ అంటున్నది. మీకు ఇప్పుడు తెలిసింది.”

అక్కయ్య కోపం, ఇంతసేపూ బల్లకు అవతలివైపు ఉరికిన కోపం, వెనక్కి తిరిగి ఇంటికే వచ్చింది. దాన్ని లోపలికి రానిచ్చి, తలుపు వేసి, పర్యవేక్షకుడి వైపు తిరిగి, ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవడానికి దారి ఉందా అని అడిగింది.

ఉంది. సంతకం చేసిన వ్యక్తి స్వయంగా వచ్చి, ఏ కారణంగా ఆ సంతకం చెల్లదో చేతిరాతతో రాసిస్తే, విచారణ తేలేదాకా కాగితం కింది అంతస్తువాళ్ళ చేతికి అందిన గంటలో పేరును నిలిపివేయవచ్చు. అయితే ఆ కాగితం నకలు సంస్థకు వెళుతుంది. ఆయన అంతటితో ఆగి, ఎదుటి మనిషి మీద జాలి కలిగినవాడిలా, ‘పని ఒత్తిడి వల్ల పొరపాటున’ అని రాస్తే సరిపోతుందని సలహా ఇచ్చాడు.

అక్కయ్య కలం తెరిచింది. పొరపాటు అని రాయలేదు. ‘ఈ కాగితమును నేను చదవకుండా సంతకము చేసితిని’ అని రాసి, రోజూ జారిపోయే ఆ తోకను ఈసారి జారనివ్వకుండా, నిలిపి సంతకం పెట్టింది.

అలా రాస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ముద్ర పోతుంది, అది చిన్న సంగతి. చదవకుండా పెట్టినట్టు ఒప్పుకున్న ముద్ర, ఆ తేదీ నుంచి పెట్టిన ప్రతి కాగితం మీదా చెల్లదు. అలాంటివి ఆరువందల నలభై. వాటి ఆధారంగా శిబిరాల గోడల మీద అంటించిన ఫొటోలన్నీ సాయంత్రానికల్లా పీకేయవలసి వస్తుంది. దొంగ సైటు మూయడానికి అసలు గోడలు ఖాళీ చేసుకోవాలి. శుక్రవారం దాటాక ఆ ఫొటోలు మళ్ళీ అంటించినా చూసేవాళ్ళు ఉండరు.

అక్కడే, ఆ బల్ల ముందే, గదికి ఫోను చేసింది. ఎత్తినవాడు రెండో నంబరు ముద్ర కలవాడు. అతన్ని గదిలో ‘నిదానం’ అంటారు. వరద నీరు మెట్లెక్కుతున్నా అతడు మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతాడని ఒక మాట ఉంది.

ఆరువందల నలభై కాగితాలూ బయటికి తీసి, అతని ముద్రతో మళ్ళీ సంతకాలు పెట్టమంది. ఆ పనికి నాలుగు రోజులు పడుతుందని అతడు నిదానంగా అన్నాడు. సాయంత్రం లోపు కావాలంది. గుమాస్తాలు ఒక్కొక్కదాన్నీ సరిచూసి మడత మీద పొడి సంతకం పెట్టాలి కదా అన్నాడు.

“మడతలు విప్పు,” అంది అక్కయ్య. “పేరు చదువు, ఫొటో చూడు, సరిగ్గా ఉంటే సంతకం పెట్టు.”

“అక్కయ్యగారూ, అది ముప్పై ఏళ్ళ నియమమండీ.”

“దానికొక కారణం ఉండేది బాబూ. ఇప్పుడు మన దగ్గర మిగిలింది మడత ఒక్కటే. విప్పు. ఎవరడిగినా నేను విప్పమన్నానని చెప్పు. నా ముద్ర ఎలాగూ పోయింది, ఇంకో తప్పు చేసినా అదే శిక్ష.”

పర్యవేక్షకుడు ఆమె రాసిచ్చిన కాగితం తీసుకున్నాడు. నిబంధన ప్రకారం దాన్ని గుమాస్తాకు ఇవ్వాలి, గుమాస్తా నమోదు చేసి కింది అంతస్తుకు పంపాలి, అక్కడివాళ్ళు రేపు చూడాలి. ఆయన బల్ల మీది ఫొటోను మరొకసారి చూశాడు. తరువాత ఫైళ్ళు వంకరగా ఉన్నవి ఉన్నట్టే వదిలేసి, కాగితం పట్టుకొని తానే మెట్లు దిగి వెళ్ళాడు. అక్కయ్యకు ఆ మనిషి మీద ఒక్క క్షణం గౌరవం కలిగింది. ఇదే నడక ముప్పై ఆరు గంటల కిందట నడిచి ఉంటే ఎంతమంది వివరాలు దొంగల చేతిలో పడకుండా ఉండేవో గుర్తొచ్చి, ఆ క్షణం గడిచిపోయింది.

మూడూ నలభైకి తిరిగి వచ్చి తెర చూపించాడు. దొంగ సైటు ఉన్న చోట తెల్లటి పేజీ, ఒకే వాక్యం: ‘ఈ పేరు నిలిపివేయబడినది.’ ఇక అందులోకి కొత్త తల్లి, కొత్త తమ్ముడు పడరు. ఇప్పటికే పడినవాళ్ళ సంగతి అడిగితే, పేరు మాత్రమే తమ చేతిలో ఉంటుందనీ, ఆ వివరాలు ఎక్కడో ఎవరి యంత్రంలోనో ఉంటాయనీ, పేరు తీసుకున్నది ఎవరో చెప్పాలంటే ఆ వ్యక్తి గోప్యతను కాపాడే నియమం ఒకటి ఉందనీ, అది దాటడానికి పదిహేను పనిదినాలనీ అన్నాడు.

“వాడి పేరుకు మాత్రం మడత గట్టిగా ఉంది,” అంది కుట్టుపని అమ్మాయి. ఆ గదిలో ఆమె నవ్వింది అదొక్కసారే. వినేవాళ్ళకు అది నవ్వులా లేదు.

అక్కయ్య ఆ పదిహేను రోజుల మీద విరుచుకుపడబోతుండగా ఫోను మోగింది. నిదానం. పని మొదలుపెట్టి గంట కూడా కాలేదు; అప్పుడే ఎందుకు చేశాడో అనుకుంటూ ఎత్తింది. అతని మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పదిహేడేళ్ళ పరిచయంలో అతడు వేగంగా మాట్లాడగా ఆమె వినడం అదే మొదలు.

“అక్కయ్యగారూ, ఆ కుట్టుపని అమ్మాయి మీ పక్కనే ఉందా?”

“ఉంది.”

“అయితే ఫోను చెవికి దగ్గరగా పెట్టుకోండి.”

నూట పద్దెనిమిదో మడత విప్పాడట. మనిషిని అప్పగించే కాగితం. బడి శిబిరం. స్త్రీ, అరవై ఎనిమిది, వినికిడి లేదు. ఆ అమ్మాయి తల్లి పేరే. తేదీ వరద తొమ్మిదో రోజు. తీసుకువెళ్ళినవారు అన్న చోట ‘కూతురు’ అని ఉంది. ఆ కూతురి గుర్తింపు కార్డు నకలు జతచేసి ఉంది. కార్డు మీది ఫొటో ఈ అమ్మాయిదే, పేరు ఈ అమ్మాయిదే. అడుగున వేలిముద్ర ఎవరిదో తెలియదు. దాని కింద నాలుగో నంబరు ముద్ర, అక్కయ్య సంతకం.

ఆమె ఫోను కిందికి దించింది. దొంగలు ఆ వివరాలతో ఏం చేస్తున్నారన్న ప్రశ్నకు జవాబు వచ్చేసింది. చెవులు వినపడని ఒక ముసలమ్మ వాళ్ళకెందుకన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

“ఏమన్నారక్కా?”

“తొమ్మిదో రోజు సాయంత్రం నువ్వెక్కడున్నావు?”

“ఇంట్లోనే. ఫోను దగ్గరే కూర్చున్నానని చెప్పానుగా. ఎందుకు?”

అక్కయ్య బల్ల మీది తల్లి ఫొటోను తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకుంది.

“మా కాగితాల ప్రకారం, ఆ సాయంత్రం మీ అమ్మను నువ్వే వచ్చి తీసుకెళ్ళావు.”